మనసు ఒప్పుకోవాలిగా!

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజుకొక్కసారైనా వినపడే సలహా ఒకటుంది. "ఎమోషన్స్ పక్కన పెట్టండి, డేటా ఏం చెబుతోందో చూడండి." ఇళ్లలో దీనికి తెలుగు రూపం ఉండనే ఉంది. "ఆవేశపడకురా, నిదానంగా ఆలోచించు." చిన్నప్పుడు చదివిన శతక పద్యాల దగ్గర్నుంచి సినిమాల్లో తండ్రి పాత్రల దాకా అందరూ ఈ మాటే చెప్పారు. ఆలోచన దారి చూపిస్తుందట, ఉద్వేగం దారి తప్పిస్తుందట. ఈ లెక్కన ఏ ఉద్వేగమూ లేని మనిషి మనందరికంటే మంచి నిర్ణయాలు తీసుకోవాలి కదా?

అలాంటి మనిషి గురించి ఊహించుకోనక్కర్లేదు. నిజంగానే ఉన్నాడు. ఆయన కథ చదివినప్పటి నుంచీ ఈ విషయం మీద వివరంగా రాయాలనుకుంటున్నాను.

ఆంటోనియో డమాసియో పోర్చుగల్‌లో పుట్టిన నాడీవైద్యుడు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లు పనిచేశారు. 1994లో వచ్చిన 'డెకార్ట్స్ ఎర్రర్' అనే పుస్తకంలో తన దగ్గరికొచ్చిన ఒక రోగి గురించి రాశారు. అసలు పేరు బయటపెట్టకుండా ఎలియట్ అని పిలిచారు. ఎలియట్‌కి ముప్పైల్లో ఉండగా మెదడు ముందు భాగంలో కణితి వచ్చింది. ఆపరేషన్ చేసి తీసేశారు. దాంతోపాటు అప్పటికే దెబ్బతిన్న ముందుభాగపు కణజాలం కొంత తీసేయాల్సి వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. మనిషి కోలుకున్నాడు. మాట, జ్ఞాపకం, లెక్కలు, తెలివితేటల పరీక్షలు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

బతుకు మాత్రం గాడి తప్పింది. ఆఫీసులో కాగితాలు సర్దమంటే వాటిని తేదీల వారీగా పెట్టాలా, సైజుల వారీగా పెట్టాలా, విషయాన్ని బట్టి పెట్టాలా అని ఒక మధ్యాహ్నమంతా ఆలోచిస్తూ కూర్చోగలడు. ఉద్యోగం పోయింది. నలుగురూ వద్దన్న మనిషితో కలిసి వ్యాపారంలో దిగితే దాచుకున్న డబ్బు పోయింది. కాపురం విడాకులతో ముగిసింది. ఈ కష్టాలన్నీ వేరే ఎవరివో అన్నట్టు ఎలియట్ ప్రశాంతంగా చెప్పుకుపోయేవాడట. వింటున్న డాక్టరుకే ఎక్కువ బాధ కలిగిందట. దారుణమైన ఫొటోలు చూపించినా ఎలియట్‌లో చలనం లేదు. ఇలాంటివి చూస్తే ఒకప్పుడు తనకి ఏదో అనిపించేదనీ, ఇప్పుడు ఏమీ అనిపించడం లేదనీ ఆయనకి తెలుసు. అంతవరకే.

అలాంటి దెబ్బే తగిలిన మరో రోగి గురించి కూడా డమాసియో రాశారు. ఒక చలికాలం రోజున రోడ్లన్నీ మంచుతో గడ్డకట్టి ఉంటే ఆయన కారు నడుపుకుంటూ ఆసుపత్రికి వచ్చాడు. ఎదురుగా కార్లు జారిపోతున్నా ఆయన కంగారుపడి బ్రేకు తొక్కలేదు. నిదానంగా, క్షేమంగా చేరుకున్నాడు. భయం లేకపోవడం ఆయనకి ఆ రోజు మేలు చేసింది. మర్నాడు డాక్టరుగారు తర్వాతి అపాయింట్‌మెంటుకి రెండు తేదీలు చెప్పి ఏది కుదురుతుందని అడిగారు. ఆయన డైరీ తీసి ఈ రోజైతే ఈ పనుంది, ఆ రోజైతే వాతావరణం ఇలా ఉండొచ్చు అంటూ దాదాపు అరగంట సేపు రెండు తేదీల మంచిచెడ్డలు బేరీజు వేస్తూనే ఉన్నాడు. చివరికి డాక్టరుగారే రెండో తేదీన రమ్మంటే "సరే" అని డైరీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అన్నీ తెలుసు, అన్నీ పోల్చగలడు. తేల్చుకోలేడు. "చాల్లే, ఇంత చిన్న విషయానికి అరగంటా?" అని మనకి కలిగే విసుగుందే, అది కూడా ఒక ఉద్వేగమే. ఆయనలో లేనిది అదే.

అయోవా బృందమే 1994లో ఈ విషయాన్ని ఒక పేకాటగా మార్చి పరీక్షించింది. ఆడేవాళ్లకి ఉత్తుత్తి డబ్బు 2,000 డాలర్లు ఇస్తారు. ముందు నాలుగు కట్టలుంటాయి. రెండు కట్టల్లో ముక్క తీసినప్పుడల్లా 100 డాలర్లు వస్తాయి. అయితే మధ్యమధ్యలో పెద్ద జరిమానాలు పడి చివరికి నష్టమే మిగులుతుంది. మిగతా రెండింటిలో వచ్చేది 50 డాలర్లే, కానీ జరిమానాలు చిన్నవి కాబట్టి చివరికి లాభం. ఏ కట్ట ఎలాంటిదో ముందుగా చెప్పరు. ఆడేవాళ్ల అరచేతుల్లో పట్టే చెమటని పరికరంతో కొలుస్తారు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొన్ని ముక్కలు తీశాక చెడ్డ కట్ట వైపు చెయ్యి పోనిస్తుంటేనే అరచేతికి చెమట పట్టడం మొదలైంది. ఆ కట్ట ఎందుకు చెడ్డదో నోటితో చెప్పలేని దశలోనే ఒళ్లు హెచ్చరించిందని 1997లో ఆ బృందం ప్రకటించింది. ఎలియట్ లాంటివాళ్లకి ఆ ముందస్తు చెమట పట్టలేదు. కొందరికి ఏ కట్ట నష్టమో ఆడుతుండగా అర్థమైంది కూడా. అయినా దాన్నే తీశారు. తర్వాత వచ్చిన పరిశోధకులు ఇంకాస్త జాగ్రత్తగా ప్రశ్నలడిగి, ఆడేవాళ్లకి మనం అనుకున్నదానికంటే ముందే కొంత తెలుస్తోందని వాదించారు. ఏది ముందు, ఏది వెనక అన్న పేచీ అలా ఉంచితే, తెలియడం ఒక్కటీ సరిపోదన్న సంగతి మాత్రం ఆ రోగుల ఆటలో కనపడుతూనే ఉంది.

ఇది చదువుతున్నప్పుడు నాకు మన మాట ఒకటి గుర్తొచ్చింది. పెళ్లిసంబంధం చూసొచ్చి పెద్దవాళ్లు అంటుంటారు: "అన్నివిధాలా బాగానే ఉంది గానీ, ఎందుకో మనసు ఒప్పుకోవడం లేదు." పట్టికలో అన్నీ నిండినా కొలిక్కి రాలేదని దానర్థం. పైగా మనకి మనసు ఒక్కటే. మనసులో అనుకుంటాం, మనసు పెట్టి చదువుతాం, మనసు విరుగుతుంది, మనసు కీడు శంకిస్తుంది. ఆలోచనకీ బాధకీ ఒకే ఇల్లు. అన్నీ మనవాళ్లకి ముందే తెలుసు అనే బాపతు మాట కాదిది. మాట్లాడే భాషలో గోడ లేదని మాత్రమే అంటున్నాను. ఆ గోడని మనం ఆఫీసుల్లో మీటింగులకి వెళ్లాక కట్టుకున్నాం.

ఇక మా ఇంటి సంగతి.

అమెరికాలో పదేళ్లు దాటినవాళ్లలో చాలామంది దగ్గర ఒక ఎక్సెల్ షీట్ ఉంటుంది. తిరిగి ఇండియా వెళ్లిపోదామా, ఇక్కడే ఉండిపోదామా అన్న షీటు. డాలస్ దగ్గర మా ఇంట్లోనూ ఉంది. వరుసల్లో పాప చదువు, నా జీతం, మా ఆవిడ ఉద్యోగం, తెనాలిలో ఉన్న అమ్మానాన్నల ఆరోగ్యం, గ్రీన్ కార్డు. ఒక్కోదానికీ ఇక్కడ ఉంటే ఎన్ని మార్కులు, అక్కడ ఉంటే ఎన్ని మార్కులు అని వేసుకున్నాం. ఆ మార్కుల్లో పెద్దగా తేడాలు రాలేదు. పక్కన ఇంకో కాలమ్ ఉంది. ఆ విషయం మనకి ఎంత ముఖ్యం, ఒకటి నుంచి పది వరకు. దాన్ని మాత్రం ఎవరి షీటులో వాళ్లు విడిగా నింపాం.

రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నా షీటు ఉండమంది, తన షీటు వెళ్లమంది. మా అమ్మానాన్నల ఆరోగ్యానికి నేను 6 వేశాను. మా ఆవిడ 9 వేసింది. "అదేంటి, మీ అమ్మానాన్నలకి మీరు ఆరేనా?" అంది. నేను ఎక్కువ వేస్తే తన ఉద్యోగం మానేయమని ఒత్తిడి చేసినట్టు ఉంటుందేమోనని ఆగానని చెప్పాను. తను తన ఉద్యోగానికి వేసుకున్నది 5. అదీ అలాంటి మొహమాటమే. ఆ రాత్రి ల్యాప్‌టాప్ మూసేసి, పెళ్లయిన తొమ్మిదేళ్లలో మాట్లాడుకోని విషయాలు మాట్లాడుకున్నాం.

గ్రీన్ కార్డుకి నేను వేసుకున్న 9 గురించి కూడా మాటొచ్చింది. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించిన సిద్ధాంతం ఒకటుంది. వంద రూపాయలు దొరికితే కలిగే సంతోషం కంటే వంద రూపాయలు పోతే కలిగే బాధ ఎక్కువ అని అందులో ఒక ముఖ్యమైన అంశం. కానెమన్‌కి 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ట్వెర్‌స్కీ అప్పటికే చనిపోయారు. ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి ఉండబట్టి మనవాళ్ల క్యూ ఏళ్ల తరబడి కదలదు. "ఇవాళే ఈ దేశంలో దిగి ఉంటే ఈ క్యూలో నిలబడతారా?" అని మా ఆవిడ అడిగింది. నిలబడనేమో అన్నాను. అంటే ఆ తొమ్మిదిలో కార్డు మీద ఇష్టం కొంతే. మిగతాదంతా ఇన్నేళ్లు నిలబడిన క్యూ వదులుకోవాలంటే కలిగే బాధ.

మేం తేల్చుకున్నది రెండు షీట్లలోనూ లేదు. పాప హైస్కూలుకి వచ్చేదాకా ఇక్కడే ఉండడం, ఏటా సంక్రాంతి ముందు నుంచి ఆరు వారాలు నేను తెనాలి నుంచి పనిచేయడం. మా మేనేజరు ఒప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఇది మాకు కుదిరిన సర్దుబాటు, అందరికీ చెప్పే సలహా కాదు. నేను చెప్పదలుచుకున్నది ఆ కాలమ్ గురించి. మార్కులకి ఆధారాలు చూపించొచ్చు. ఎంత ముఖ్యం అన్నదానికి ఫార్ములా లేదు. ఆ అంకె ఎక్కడినుంచి వస్తుందంటే, మనసులోంచే. ఎలియట్ చేతికి మా షీటు ఇస్తే మార్కులు మాకంటే బాగా వేసి ఉండేవాడు. ఆ కాలమ్ దగ్గర ఆగిపోయేవాడు.

మెషీన్ లెర్నింగ్‌లోనూ 'వెయిట్' అన్న మాటే వాడతారు గానీ, మా కాలమ్‌కి అసలైన పోలిక 'లాస్ ఫంక్షన్'. మోడల్ చెప్పిన జవాబు తప్పయితే ఎంత నష్టమో లెక్కగట్టే సూత్రం అది. ఆ నష్టం తగ్గేలా వేలు, లక్షలు, కోట్ల వెయిట్లని కొద్దికొద్దిగా సవరించడమే మోడల్‌కి శిక్షణ ఇవ్వడం. మీకు తెలిసిన ఉదాహరణే చెబుతాను. ఈమెయిల్లో స్పామ్ ఏరివేసే ప్రోగ్రాం రెండు రకాలుగా తప్పు చేయగలదు. చెత్త ఉత్తరాన్ని లోపలికి వదిలేయడం ఒకటి. మీ అబ్బాయికి వచ్చిన ఉద్యోగపు ఉత్తరాన్ని చెత్తలో పడేయడం రెండోది. ఏది ఎంత పెద్ద తప్పు? గణితం ఆ మాట చెప్పదు. ఎవరో ఒక ఇంజనీరు కూర్చుని, రెండోది పోగొట్టుకుంటే మనిషికి ఎలా ఉంటుందో ఊహించుకుని, దానికి ఎక్కువ నష్టం రాయాలి. ఆ తర్వాత మెషీన్ ఎంత వేగంగానైనా పనిచేసుకుపోతుంది. నష్టం అన్న అంకె తగ్గిస్తుందే తప్ప, దానికి ఏదీ నష్టపోయే గుణం లేదు. కంప్యూటర్ చేసిన నిర్ణయాల్లో ఉద్వేగం లేదనుకుంటాం గానీ, మొదట్లో ఎవరో పెట్టిపోయారు, మనకి కనపడదు, అంతే.

ఆ పెట్టిపోయినవాళ్లు ఊహించని రోజు వస్తే? 1983 సెప్టెంబరు 26న, అర్ధరాత్రి దాటాక, మాస్కో దగ్గర సెర్పుఖోవ్-15 అనే రహస్య కేంద్రంలో స్టానిస్లావ్ పెత్రోవ్ అనే సోవియట్ అధికారి డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి క్షిపణి బయల్దేరిందని ఉపగ్రహ వ్యవస్థ మోత మోగించింది. కాసేపటికి మొత్తం ఐదు అంది. హెచ్చరిక ఎంత నమ్మదగ్గదంటే అత్యంత నమ్మదగ్గది అని చూపించింది. అప్పటికి మూడు వారాల క్రితమే సోవియట్లు కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చేసి ఉన్నారు, 269 మంది పోయారు. రెండు దేశాలూ కత్తులు నూరుకుంటున్న సమయం. పెత్రోవ్ పైవాళ్లకి ఇది తప్పుడు హెచ్చరిక అని చెప్పాడు. యుద్ధం మొదలుపెట్టేవాళ్లు ఐదంటే ఐదు క్షిపణులు పంపరనీ, నేలమీది రాడార్లకి ఏమీ కనపడలేదనీ ఆయన కారణాలు. వాటితోపాటు ఎక్కడో తేడాగా ఉందని లోపల అనిపించిందని కూడా తర్వాత చెప్పాడు. ఎత్తైన మేఘాల మీద పడ్డ సూర్యకాంతిని ఉపగ్రహం క్షిపణి మంటలుగా పొరబడిందని తర్వాత తేలింది.

ఆయన లోపల అనిపించింది గాల్లోంచి ఊడిపడలేదు. ఆయన స్వయంగా ఇంజనీరు. ఆ వ్యవస్థ ఇంకా కొత్తదనీ, దాన్ని పూర్తిగా నమ్మడానికి లేదనీ పనిచేసి తెలుసుకున్నవాడు. పేకాటలో అరచేతి చెమట లాంటిదే అది. చాలా చూసినవాడికి, చూసిందంతా మాటల్లో పెట్టే వ్యవధి లేనప్పుడు ఒళ్లు చెప్పే మాట.

అయితే మనసు చెప్పినట్టల్లా వినడమేనా? అక్కడే అసలు చిక్కు. మనసులో పుట్టే ప్రతి ఉద్వేగం మన అనుభవంలోంచే వచ్చిందని గ్యారంటీ లేదు. ఇంకొకళ్లు తయారుచేసి లోపల పెట్టొచ్చు కూడా. మా రంగం ఈ పనిలో బాగా చేయి తిరిగినది.

2012 జనవరిలో ఒక వారం పాటు ఫేస్‌బుక్ 6,89,003 మందికి కనిపించే పోస్టుల్ని మార్చి చూసింది. కొందరికి సంతోషకరమైనవి తగ్గించింది, కొందరికి బాధపెట్టేవి తగ్గించింది. ఆ తర్వాత వాళ్లు రాసిన మాటల్ని లెక్కపెట్టింది. సంతోషం తగ్గించి చూపించినవాళ్ల రాతల్లోనూ సంతోషం కాస్త తగ్గింది, బాధ తగ్గించినప్పుడు దానికి వ్యతిరేకం. 2014లో ఈ ఫలితాలు ఒక శాస్త్ర పత్రికలో వచ్చినప్పుడు గొడవైంది. నిజానికి ఆ తేడా చాలా చిన్నది. జనానికి ఒళ్లు మండింది తేడా సైజు చూసి కాదు. ఆ వారం దిగులుగా ఉన్నవాళ్లకి, ఆ దిగులు తమదో కాదో తెలుసుకునే దారి లేదు.

అది ఒక కంపెనీ చేసిన ప్రయోగం. అంతకంటే ఘోరంగా ఇదే పనిని దొంగలు చేస్తున్నారు. 'డిజిటల్ అరెస్ట్' గురించి మీరు వినే ఉంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఈ విషయమే మాట్లాడి, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాతే చర్య తీసుకోండి అని చెప్పాల్సి వచ్చింది.

మా బంధువుల్లో ఒక పెద్దాయన ఉన్నారు, నాకు బాబాయి వరస. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఒకరోజు ఉదయం పదింటికి ఆయనకి వీడియో కాల్ వచ్చింది. పోలీసు డ్రెస్సులో ఒకడు, వెనకాల ఆఫీసులాంటి గది. మీ ఆధార్‌తో బుక్ చేసిన పార్శిల్లో మత్తుమందులు దొరికాయన్నాడు. గది తలుపు వేసుకోమన్నాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు, కాల్ కట్ చేస్తే మనుషుల్ని ఇంటికి పంపిస్తామన్నాడు. బాబాయి ముందు గట్టిగానే మాట్లాడారు. అప్పుడు వాడు, "అమెరికాలో మీ అబ్బాయి వీసా మీదే కదా ఉన్నాడు? ఈ కేసు అక్కడికి వెళ్తే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు. అంతే. బాబాయి బ్యాంకు పాస్‌బుక్కులు బయటికి తీశారు.

పన్నెండున్నరకి పిన్ని భోజనానికి పిలిచింది. లోపల్నుంచి "తర్వాత తింటాలే" అన్నారు. రిటైరయ్యాక కూడా బడి గంట కొట్టినట్టు పన్నెండున్నరకి పీట మీద కూర్చునే మనిషి ఆయన. "ఆ గొంతు వినగానే నా మనసు కీడు శంకించిందిరా" అంది పిన్ని తర్వాత నాతో. ఏమిటని అడగలేదు, తలుపు కొట్టలేదు. ఎదురింట్లో బ్యాంకులో పనిచేసే అబ్బాయిని పిలుచుకొచ్చింది. ఆ అబ్బాయి కిటికీలోంచి చూసి, విషయం గ్రహించి, తలుపు తీయించి ఫోను లాక్కుని కట్ చేశాడు. అదృష్టం, ఇంకా డబ్బు కదల్లేదు.

నేను ఫోన్ చేసినప్పుడు బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "వాడు చెప్పేది అబద్ధమని ఒక పక్క తెలుస్తూనే ఉందిరా. మావాడి పేరెత్తేసరికి కాళ్లూ చేతులూ ఆడలేదు."

ఈ మాట గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ రోజు మోసపోబోయింది తెలివి తక్కువై కాదు. నలభై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మెదడు అది. పనిచేస్తూనే ఉంది, అబద్ధమని చెబుతూనే ఉంది. తెలిసీ చెడ్డ కట్ట వైపే చెయ్యి చాపిన ఎలియట్ లాంటివాళ్లలో ఉద్వేగం లేదు, బాబాయిలో అది పొంగిపోయింది. తెలియడం రెండు చోట్లా అక్కరకు రాలేదు. ఆయన్ని కాపాడింది కూడా లెక్క కాదు, పిన్నికి కలిగిన కీడు శంక. ఆ ఇంట్లో ఆ రోజు రెండు భయాలున్నాయి. గదిలో ఉన్న భయాన్ని ముక్కూమొహం తెలియనివాడు రెండు గంటల్లో తయారుచేశాడు. వంటింట్లో ఉన్న భయం నలభై ఏళ్ల కాపురంలో, రోజూ పన్నెండున్నరకి వడ్డించిన భోజనాల్లో తయారైంది. రెండూ ఉద్వేగాలే. ఒకదానికి తొందర ఎక్కువ. ఇంకెవరితోనూ మాట్లాడొద్దంటుంది. ఇంకొకటి వెళ్లి పక్కింటివాళ్లని పిలుచుకొచ్చింది.

కాబట్టి ఉద్వేగాన్ని పక్కన పెట్టాలా వద్దా అన్న ప్రశ్నలో నాకు పస కనిపించడం లేదు. దాన్ని ఎవరు తయారుచేశారు, తయారవడానికి ఎంతకాలం పట్టింది అన్న ప్రశ్నలే పనికొస్తాయి.

ఈ ప్రశ్నలు కంప్యూటర్‌ని అడిగి తెలుసుకోవచ్చా? మనుషుల ముఖం చూసి ఉద్వేగం చెప్పే సాఫ్ట్‌వేర్లు చాలానే వచ్చాయి. ఎం.ఐ.టి.లో రోజలిండ్ పికార్డ్ 1997లో 'అఫెక్టివ్ కంప్యూటింగ్' అనే పుస్తకం రాసి ఈ రంగానికి పేరు పెట్టారు. కానీ ముఖం వేరు, మనసు వేరు. అప్పగింతలప్పుడు ఏడుస్తున్న తల్లి ముఖాన్ని ఆ సాఫ్ట్‌వేర్‌కి చూపిస్తే 'విచారం' అంటుంది. ఆ తల్లినడగండి, ఏమంటుందో! జ్వరంతో ఉన్న మా అమ్మ వీడియోలో నవ్వుతూ "నాకేంరా, నిక్షేపంలా ఉన్నా" అంటే 'సంతోషం' అంటుంది. గొంతులో తేడా నాకు తెలుస్తుంది, ఎందుకంటే ఆ గొంతు మామూలుగా ఎలా ఉంటుందో నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ముఖం చూసి ఉద్వేగం చెప్పే సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2022లో ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించింది. యూరప్‌లో 2025 ఫిబ్రవరి 2 నుంచి ఆఫీసుల్లోనూ బడుల్లోనూ ఇలాంటి వ్యవస్థల్ని, వైద్యం, భద్రత అవసరాలకి తప్ప, నిషేధించారు.

ఇక మనతో మాట్లాడే ప్రోగ్రాములు. "మీ బాధ నాకు అర్థమవుతోంది" అని ఇప్పుడు తెలుగులోనే అంటున్నాయి. ఇదీ కొత్త కాదు. 1966లో ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రాం గురించి ప్రచురించారు. మనం అన్నమాటనే కాస్త తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికేమీ తెలియదు. అది తయారవుతుండగా నెలల తరబడి చూసిన ఆయన సెక్రటరీయే, దాంతో కాసేపు మాట్లాడాక, "మీరు కొంచెం బయటికి వెళ్తారా?" అని ఆయన్ని అడిగిందట. ఆయన అవాక్కయ్యారు. 1976లో రాసిన పుస్తకంలో, కంప్యూటర్ చేయగలిగినా దానికి అప్పగించకూడని పనులు కొన్ని ఉంటాయని గట్టిగా వాదించారు. వైజెన్‌బామ్ నాజీ జర్మనీ నుంచి చిన్నతనంలో తప్పించుకొచ్చిన యూదు కుటుంబంలోవాడు. ఆయన వాదనని అది గుర్తుపెట్టుకుని చదవాలనిపిస్తుంది నాకు.

నేను వాటితో మాట్లాడను అని బడాయి పోవడం లేదు. ఆఫీసు పనికి రోజూ వాడుతున్నాను, అర్ధరాత్రి ఎవరినీ లేపలేనప్పుడు అలాంటి నాలుగు మాటలు కొందరికి సాంత్వననిస్తాయని కూడా తెలుసు. అయితే "ఇండియా వెళ్లిపోమంటావా?" అని దాన్నడిగితే రెండు పక్షాలూ చక్కగా రాసిస్తుంది, మన ఎక్సెల్ షీట్ కంటే బాగా. ఆ ముఖ్యం కాలమ్ మాత్రం మనమే నింపాలి. వెళ్లినా ఉన్నా దానికి పోయేదేమీ లేదు.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం మన వంతు ఒకటుంది. బటన్లు నొక్కడం ఎంత సులువు చేస్తే అంత గొప్ప అని మనకి నేర్పారు. కొన్నిచోట్ల ఆలస్యం కూడా మర్యాదే. పెద్ద మొత్తం కొత్త ఖాతాకి వెళ్తున్నప్పుడు ఒక రాత్రి ఆగినా కొంప మునగదు. దొంగ తయారుచేసిన భయానికి తెల్లవారేదాకా ఆయుష్షుండదు. పిన్ని భయం తెల్లారినా అలాగే ఉండేది.

ప్రస్తుతానికి మా కుటుంబాలన్నిటికీ ఒక నియమం పెట్టుకున్నాం. డబ్బు గురించో పోలీసుల గురించో ఎవరు ఫోన్ చేసినా ముందు పెట్టేయాలి, తర్వాత మాలో ఒకరికి చేయాలి. ఇక్కడ అర్ధరాత్రయినా సరే. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పాలి. మా ఇంటివాళ్లకి మాత్రమే తెలిసిన ఒక ప్రశ్న కూడా అనుకున్నాం. నా గొంతుతో ఎవరైనా మాట్లాడి డబ్బడిగితే అమ్మ ఆ ప్రశ్న వేస్తుంది. ప్రశ్నేమిటో మీకు చెప్పను.

బాబాయి ఇంకో అడుగు ముందుకేశారు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తడం మానేశారు. "మీ పిన్నికిస్తున్నా, దానికి మనసొప్పితేనే నేను మాట్లాడేది" అంటున్నారు.